వేలిముద్ర వేసే ముందు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సారు అడిగినప్పుడు, ఎం.సి.ఏ.లో నేను చేసిన ఒక తప్పు గురించే రాద్దామనిపించింది. కంప్యూటర్ కోర్సుల్లో చేరే తమ్ముళ్లకు పనికొస్తుంది.

తెలుగు అక్షరాలను తెరపై చూపే ఒక స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో ఒత్తు తప్పుగా పడుతుంటే సరిచేసి పంపాను. సవరణ పనిచేస్తోందని చూపడానికి ఒక ఫాంటును కొంచెం మార్చి జతచేశాను. దీన్ని టెస్ట్ ఫైలు అంటారు. ఇలాంటి పరీక్షలు చిన్న విషయం కాదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అక్షరం, కంటికి కనిపించని ఒక గుర్తుతో కలిసి వస్తే ఐఫోన్లలో యాప్‌లే మూతపడ్డాయి.

వాళ్ల నుంచి జవాబు వచ్చింది. "సవరణ బాగుంది. ఈ ఫైలు ఎక్కడిది? ఎలా తయారుచేశారు?" నేను చెప్పలేకపోయాను. ఏవో మార్పులు చేసి సేవ్ చేశాను, అంతే. నన్ను అనుమానిస్తున్నారని కోపం కూడా వచ్చింది.

తర్వాత ఆలోచించాను. ప్రోగ్రాం మారితే ఏ వరుస మారిందో ఎవరైనా చదువుకోవచ్చు. ఫాంటు, బొమ్మ, జిప్ వంటి బైనరీ ఫైలు మారితే 'మారింది' అని మాత్రమే తెలుస్తుంది. తెచ్చినవాడి మాట నమ్మాల్సిందే.

ఆ నమ్మకం ఎంత ప్రమాదమో 2024లో తెలిసింది. లినక్స్ కంప్యూటర్లలో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ యుటిల్స్‌లో, 'జియా టాన్' పేరుతో రెండేళ్లకు పైగా పనిచేసిన వ్యక్తి టెస్ట్ ఫైళ్లలోనే దొంగ ప్రోగ్రాం దాచాడు. వాటిని మార్చినప్పుడు, మళ్లీ తయారుచేసుకునే వీలు కోసమే మార్చానని వివరణ కూడా రాశాడు. ఆ తయారీ పద్ధతి మాత్రం ఇవ్వలేదు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఆరా తీసి, మార్చి 29న బయటపెట్టాడు.

ఇది చదివాక మా నాయిన గుర్తొచ్చాడు. ఆయనకు చదువు రాదు. ఒకసారి అప్పు కాగితాన్ని ఒకరు చదివి వినిపిస్తే వేలిముద్ర వేశాడు. వినిపించింది ఒక లెక్క, కాగితంలో ఉన్నది ఇంకో లెక్క. అప్పటినుంచి ఏ కాగితం వచ్చినా, "నువ్వు సదివి చెప్పు బిడ్డా, అప్పుడు ఏలిముద్ర ఏస్త" అంటాడు.

అంటే వివరణ ఉంటే చాలదు, ఇంకొకరు సరిచూసేలా ఉండాలి. ఆండ్రాయిడ్, ఫైర్‌ఫాక్స్‌లలో అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్‌లో ఇది పద్ధతిగానే ఉంది. కొత్త పరీక్ష చేర్చాలంటే వాళ్లిచ్చిన స్క్రిప్టు నడపాలి. అది ఫాంటులో అవసరమైన అక్షరాలను మాత్రమే ఉంచి, లోపలి సమాచారం నుంచి లెక్కకట్టిన సంఖ్యనే ఫైలుకు పేరుగా పెడుతుంది. లోపల ఏది మారినా పేరుతో లెక్క కుదరదు.

నేను ఫైలును మళ్లీ మొదటినుంచి చేశాను. పక్కన ఇవి రాసిపెట్టాను:

1. అసలు ఫాంటు ఎక్కడిది, లైసెన్సు ఏది.
2. ఈ ఫైలు ఏ తప్పును పరీక్షిస్తుంది.
3. ఏ పనిముట్టు, ఏ వెర్షన్, ఏ కమాండ్లు.
4. మళ్లీ మార్చాలంటే ఏం చేయాలి.

ముఖం తెలియని ఒకాయన ఆ కమాండ్లు నడిపి, అచ్చం అదే ఫైలు వచ్చిందని రాశాడు. నా సవరణ చేరింది.

తమ్ముళ్లారా, మీ ఫైలు గురించి ఎవరైనా ప్రశ్నలడిగితే నాలా కోపం తెచ్చుకోకండి. మా నాయిన ఆ రోజు అడగలేకపోయిన ప్రశ్నలే అవి.