గడ్డి ఎండింది సరే.. తిన్నదెవరు?

వినాయక చవితి పత్రిలో గరిక తెలుసు కదా? ఆ ఇరవై ఒక్క పత్రుల్లో అదీ ఒకటి. పొలం గట్టు మీద, బడి వెనకాల, ఎక్కడపడితే అక్కడ మొలిచే ఆ గరికనే ఇంగ్లిష్‌లో బెర్ముడా గ్రాస్ అంటారు. టీవీలో పచ్చగా మెరిసే క్రికెట్ గ్రౌండ్లలో చాలావాటికి పరిచేది దాని జాతే. మా ఇంట్లో అన్నం కూడా దాని మీదే ఉడుకుతుంది.

మాది శ్రీకాకుళం జిల్లాలో చిన్న పల్లె. నాన్న వేరుశనగ వేసేవాడు. గిట్టుబాటు కాక విజయనగరం వచ్చి ఒక ప్రైవేటు కాలేజీ గ్రౌండ్‌లో మాలీగా చేరాడు. నీళ్లు పెట్టడం, గడ్డి కోయడం, కలుపు తీయడం అన్నీ ఆయనే. పోయిన ఏడాది ఆగస్టు చివర్లో గ్రౌండ్ మధ్యలో గోధుమరంగు మచ్చలు మొదలయ్యాయి. మొదట పళ్లెమంత ఉన్నవి, వారం తిరిగేసరికి చాపంత అయ్యాయి. అప్పటికే పది రోజులుగా వాన లేదు. ఇంకేముంది, నీళ్లు పెట్టకుండా నిద్రపోతున్నావని సూపర్‌వైజర్ గారు కేకలేశారు. జీతంలో కోత వేస్తామని కూడా చెప్పేశారు.

ఆ రాత్రి నాన్న సరిగ్గా తినలేదు. "నీళ్లు సాలకపోతే కుళాయి పక్కన ఎందుకు ఎండుతాది, సూడమ్మా? కింద ఏటో తినేస్తంది" అన్నాడు.

నేను డిగ్రీలో జువాలజీ చదువుతున్నా. బొద్దింక బొమ్మ వేసి భాగాలు గుర్తించమంటే కళ్లు మూసుకుని గుర్తిస్తా. కానీ మన కాళ్ల కింది గడ్డిలో ఏముందో ఏ పుస్తకంలోనూ వెతకలేదు. ఆదివారం పొద్దున్నే ఇద్దరం గ్రౌండ్‌కి వెళ్లాం.

ముందు సబ్బునీళ్లతో మొదలుపెట్టాం. ఇది మీరూ చేయొచ్చు. నాలుగు లీటర్ల నీళ్లలో రెండు చెంచాల గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, గజం పొడవు, గజం వెడల్పు గడ్డి మీద పోసి పది నిమిషాలు చూడాలి. గడ్డి మొదట్లో దాక్కున్న లద్దె పురుగులు ఉక్కిరిబిక్కిరై పైకి వస్తాయి. కీచురాయి జాతిలో మట్టిలో సొరంగాలు తవ్వేది ఒకటుంది. ముందు కాళ్లు పారల్లా ఉంటాయి. అదీ బయటికొస్తుంది. తల మీద తిరగేసిన వై అక్షరం, తోక దగ్గర చదరంగా నాలుగు చుక్కలు కనిపిస్తే అది కత్తెర పురుగు. 2018లో మొదట కర్ణాటకలో కనపడి, తర్వాత మన మొక్కజొన్న చేలల్లోకీ వచ్చింది అదే. గడ్డినీ వదలదు.

మాకు ఇవేవీ రాలేదు. రెండు గండుచీమలు, ఒక సాలీడు, అంతే.

అప్పుడు నాన్న మచ్చ అంచున గడ్డి పట్టుకుని లాగాడు. చాప చుట్టినట్టు లేచి వచ్చేసింది. కింద వేర్లే లేవు. అడుగు పొడవు, అడుగు వెడల్పున నాలుగు వేళ్ల లోతు తవ్వాం. తెల్లగా, బొద్దుగా, సి అక్షరంలా ముడుచుకున్న పురుగులు. గోధుమరంగు తల, ఆరు కాళ్లు. లెక్కపెడితే పదకొండు. పచ్చగా ఉన్న చోట అంతే తవ్వితే ఒక్కటి. ఒకటీ రెండూ ఉంటే గడ్డి తట్టుకుంటుంది. చదరపు అడుగుకి ఐదు నుంచి పది దాకా చేరాయంటే దెబ్బే.

ఫోన్‌లో ఫొటో పెట్టి వెతికితే అమెరికా పెంకుపురుగు పేరేదో వచ్చింది. నాన్న స్క్రీన్ వైపు చూడనే లేదు. "ఏరు పురుగు. మన సెనగ సేలో ఇదే కదే!" అన్నాడు.

తర్వాత చదువుకుంటే కథంతా అర్థమైంది. తొలకరి పడగానే సాయంత్రం చీకటి వేళ పెంకు పురుగులు మట్టిలోంచి లేస్తాయి. వేపచెట్ల మీద వాలి రాత్రంతా ఆకు తిని, తెల్లారేలోపు మళ్లీ మట్టిలోకి దిగి గుడ్లు పెడతాయి. పిల్ల పురుగులు వేర్లు కొరుకుతూ పెరిగి, ఆగస్టు నాటికి బలుస్తాయి. అంటే జూన్‌లో జరిగిన పని మనకి ఆగస్టులో కనిపిస్తుంది. సబ్బునీళ్లకి ఇవి పైకి రావు, తవ్వాల్సిందే.

ఇంకో సంగతి. ఆరుద్ర కార్తెలో గడ్డి మీద ఎర్రటి మఖమల్ బొట్టులా పాకే ఆరుద్ర పురుగుని రీల్స్‌లో చూసే ఉంటారు. దానికి ఎనిమిది కాళ్లు. అసలది కీటకమే కాదు, సాలీడు చుట్టం. గడ్డి జోలికి పోదు, వేరే పురుగుల గుడ్లు తింటుంది. పేరు తెలియక మందు కొడితే మనకి సాయం చేసేదే ముందు పోతుంది.

సోమవారం నాన్న రెండు మట్టిపెళ్లలు, సీసాలో పదకొండు పురుగులు ఆఫీసు బల్ల మీద పెట్టాడు. నేను రాసిచ్చిన లెక్కల కాగితం పక్కన పెట్టాడు. సూపర్‌వైజర్ గారు సీసాని రెండుసార్లు తిప్పి చూశారు. జీతం కోయలేదు. తిట్టినందుకు సారీ కూడా చెప్పలేదు. నాన్న అది అడగలేదు గానీ, పశువుల ఎరువులో కలిపి వేయడానికి మెటారైజియం కావాలని అడిగాడు. వేరు పురుగుకి జబ్బు తెప్పించి చంపే బూజు అది. తెప్పించారు.

ఈ ఏడాది తొలి వాన పడిన రోజు నుంచి రాత్రి ఎనిమిది దాటాక నాన్న, నేను గ్రౌండ్ గోడ పక్క వేపచెట్ల కొమ్మలు ఊపి, కింద రాలిన పెంకు పురుగుల్ని కిరసనాయిలు కలిపిన నీళ్ల బకెట్లో వేశాం. ఏ రోజు ఎన్నో నోట్‌బుక్‌లో రాసుకున్నాం. ఈసారి మచ్చ వస్తే ముందు తవ్వి చూపించాకే మాట్లాడతానంటున్నాడు నాన్న. మీ వీధి పార్కులోనో, కాలేజీ గ్రౌండ్‌లోనో గడ్డి ఎండితే మాలీని అనే ముందు, ఒక్కసారి అంచు పట్టుకుని లాగి చూడండి.