జాడ తీసేవాడు

తొమ్మిదో తరగతికి ధ్వని పాఠం చెప్తా ఉన్నాను. మెరుపు ముందు కనిపిస్తుంది, ఉరుము తర్వాత వినిపిస్తుంది, ఎందుకు అని అడిగి, గాలిలో చప్పుడు సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుందని బోర్డు మీద రాసినాను. కడాన బెంచీలో కూర్చునే పిల్లోడు లేచి నిలబడినాడు. ఏడాదంతా నోరు తెరవని పిల్లోడు.

"సార్, అరవై మీటర్ల అవతల దుప్పి ఉందనుకోండి. ఈడ్నుంచి బాణం ఇడిస్తే, దాని కాడికి చప్పుడు ముందు పోతుందా, బాణం ముందు పోతుందా?"

క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నా బీఎస్సీ, బీఈడీ పుస్తకాల్లో ఎక్కడా ఆ లెక్క లేదు. దానికి జవాబు మా తాత చెప్పినాడు, 2002లో, కలకడ దగ్గర మా ఊరి గుట్ట మీద, ఇద్దరమూ ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు.

మర్నాడు బడి వదిలినాక ఆ పిల్లోడు వాళ్లన్న సెల్లు తెచ్చి నాకొక వీడియో చూపించినాడు. ఎవరో తెల్లాయన చెట్టు మీద మంచె కట్టుకుని కూర్చున్నాడు. చేతిలో క్రాస్‌బో. తుపాకి కట్టె మాదిరి కట్టెకు ముందర అడ్డంగా విల్లు బిగించినారు. తాడు లాగి కొక్కేనికి తగిలిస్తే అట్లే నిలబడుతుంది, మీట నొక్కితే బాణం పోతుంది. పైన దూరం చూసే అద్దం. అవతల జింక మేస్తా ఉంది. అరవై గజాలు. కొట్టాల్నా వద్దా అని ఆయన చాలాసేపు గొణుక్కున్నాడు. కడాకు కొట్టకుండా దించేసినాడు.

"అంత మంచి ఆయుధం పెట్టుకుని ఈయన ఎందుకు కొట్టలేదు సార్? మా కాడికి వచ్చేవాళ్లు యాడ్నుంచైనా కొడతారు."

"మీ కాడికి ఎవరు వస్తారురా?"

వాడు తల దించుకున్నాడు. తర్వాత మెల్లగా చెప్పినాడు. శనివారం రాత్రుల్లో టౌను నుంచి జీపులో వస్తారంట. ఒకాయన ఇట్లాంటి విల్లు తెప్పించుకున్నాడంట, చప్పుడు ఊర్లోకి రాదని. కొట్టేది ఆయన. తగిలిన మృగం యాడికి పోయిందో లైటేసుకుని ఎతికేది మా వాడు. రాత్రికి ఐదు నూర్లు.

నాకు గుండెలో ఏదో కలుక్కుమంది. మా ఇంట్లో మూడు తరాల కింద అయిపోయిందనుకున్న పని అది.

* * *

మాది మాలపల్లె. ఊరికి తూర్పున, వంక పక్కన. మా తాతలు ఊరికి వెట్టి చేసినోళ్లు. చావు కబురు మోసేది, పశువు చస్తే ఈడ్చేది, కల్లం ఊడ్చేది, అన్నిటితో పాటు వేటకు తోలేది కూడా వెట్టే. కనుమ నాడు తిరుమలలో దేవుడికి పారువేట చేస్తారు. ఊర్లలో పెద్దోళ్లు కూడా ఆ పండగల్లో వేటకు పోతా ఉండిరి. దేవుడు పోతే పారువేట, ఆసామి పోతే సరదా వేట, ఆకలేసి మేము పోతే దొంగవేట.

ఆసామి తుపాకి పట్టుకుని గుట్ట సందులో బండ మీద కూర్చుంటాడు. మా వాళ్లు అవతల పక్క నుంచి పలకలు, డబ్బాలు కొట్టుకుంటా, కేకలేసుకుంటా, కంపల్లో పడి మృగాన్ని ఆయన ముందరికి తోలాల. పడితే తల, తొడలు తుపాకికి. పేగులు, గిట్టలు తోలినోళ్లకు. ఇదంతా తాత నాకు బాధగా చెప్పలేదు, పాత సంగతి చెప్పినట్లు చెప్పినాడు. అందుకే నాకు ఇప్పటికీ మంట.

తాతకు సొంతంగా ఒక విల్లు ఉండింది. వయసులో ఉన్నప్పుడు ఒక యానాదాయనతో స్నేహం చేసి నేర్చుకున్నాడు. వెదురు బద్ద, కిత్తనార తాడు. బాణానికి ములికి కమ్మరాయన కొట్టిచ్చింది. ఆ విల్లు మా ఇంటి వాసాల్లో ఉండేది. మా అవ్వ దాన్ని చూస్తే తిట్టేది. నాకు మాత్రం ఊర్లో ఎవరింట్లోనూ లేని వస్తువు మా ఇంట్లో ఉందని గర్వం.

2002లో వాన మొండికేసింది. చెనక్కాయ చేలు పూత మీదనే మాడిపోయినాయి. నాయన బెంగుళూరికి మట్టి పనికి పోయినాడు. అమ్మ కూలికి పోయిన నాడు సంగటి, పోని నాడు చింతాకు నీళ్లు. నాకు పదమూడేండ్లు. ఒకరోజు తెల్లారుజామున తాత విల్లు దించినాడు. నేను ఎంటపడినా. వద్దన్లేదు.

గుట్ట ఎనక చెలమ ఒకటే ఎండకుండా ఉండింది. గాలి మా మొహాన కొట్టేటట్లు చూసుకుని బలుసు పొద చాటున మాటు కూర్చున్నాము. మనిషి వాసన మృగానికి పోకూడదు. పొద్దు బారెడెక్కినాక అవతల రేగి చెట్ల కింద మచ్చలు కదిలినాయి. ఆడ దుప్పి. దాని ఎనక ఇంకోటి. చెలమ కాడికి రాకుండా అక్కడే రాలిన ఆకు మేస్తా నిలబడింది. ఇప్పుడు తల్చుకుంటే అరవై మీటర్లు ఉంటుంది.

తాత బాణం తాడుకు పెట్టినాడు. లాగలేదు.

"కొట్టు తాతా," అన్నా చెవిలో.

తల అడ్డంగా ఊపినాడు.

"పక్కకు తిరిగింది. గుండె కనిపిస్తా ఉంది. కొట్టు."

కదల్లేదు. ఎంతసేపు అట్లా కూర్చున్నామో. నా కడుపులో పేగులు అరస్తా ఉన్నాయి. అమ్మ మొహం, ఉప్పుకండ వాసన, అన్నీ కండ్ల ముందరికి వచ్చినాయి. దుప్పి ఒక్కసారి తల ఎత్తింది, తోక లేచింది, కుయ్‌మని ఒక కూత పెట్టింది, అంతే. రెండూ లేవు.

నేను ఏడ్చినాను. ఏడుస్తా, "నీకు చేత కాదు, ముసిలోడివి అయిపోయినావు," అన్నాను. తాత ఒక్క మాట అనలేదు. బాణం తీసి తుడిచి దొప్పలో పెట్టుకున్నాడు. దోవలో ఇంత బలుసాకు కోసుకున్నాడు. ఆ పొద్దు మా ఇంట్లో బలుసాకు ఉడకేసిన నీళ్లే కూడు.

* * *

రాత్రి అరుగు మీద పండుకున్నప్పుడు చెప్పినాడు.

"తాడు వదిలితే చప్పుడవుతుంది నాయనా. ఆ చప్పుడు బాణం కంటే బిరీన పోతుంది. పది బారల్లో ఉంటే దుప్పి ఇని కదిలేలోపల బాణం దిగుతుంది. దూరముంటే కదుల్తుంది. ఇని ఎగరదు, ముందు కిందికి కుంగుతుంది, కాళ్లకు సత్తువ తెచ్చుకునేదానికి. లేదంటే ఒకడుగు ముందుకేస్తుంది. నువ్వు గుండె కాడ పెట్టిన గురి కడుపులో పడుతుంది."

"పడితే పడనీ. చస్తుంది కదా?"

"చస్తుంది. యాడ చస్తుంది, ఎప్పుడు చస్తుంది?"

అప్పుడు నెత్తురు సంగతి చెప్పినాడు. ఎర్రగా నురగ కలిసి పడితే ఊపిరితిత్తి. దగ్గర్లోనే పడుతుంది. నల్లగా ఉంటే కార్జం. ఆగి పోవాల. పచ్చగా పేడ వాసనొస్తే కడుపు. అప్పుడు ఎంటపడకూడదు, పూట గడిచిందాకా కూర్చోవాల. తరిమితే మైళ్లు పోతుంది. ఎంత ఆగినా అది పడే బాధ పడతానే ఉంటుంది.

"నీకివన్నీ ఎట్లా తెలుసు?"

"మా అన్న నేర్పించినాడు," అన్నాడు. కొంచేపాగి చెప్పినాడు.

తాత పెండ్లి కాకముందు మాట. ఆసామి బండ మీద నుంచి చానా దూరం పోతా ఉన్న కణితిని కొట్టినాడు. కడుపులో తగిలింది. అది వంక దాటి పోయింది. "పోయి ఎతకండిరా" అని చెప్పి ఆయన ఇంటికి పోయి బువ్వ తిని పండుకున్నాడు. తాత, వాళ్లన్న జాడ పట్టుకుని పోయినారు. పచ్చ నెత్తురు. ఆగుదామని వాళ్లన్న అన్నాడు. రాత్రిలోపల తేకపోతే తన్నులు తినాల్సొస్తుందని ఆగలేదు. చీకట్లో దివిటీ పట్టుకుని కంపలో కాలు పెట్టినాడు వాళ్లన్న. రక్తపింజర. ఊర్లోకి మోసుకొచ్చేటప్పటికి కాలు తొడ దాకా వాచిపోయింది. మూడో నాడు పొయినాడు.

"కణితి?"

"రెండు దినాలకు నక్కలు చూపించినాయి. వాసనొచ్చేసింది. ఆసామి వద్దన్నాడు. మా అమ్మకు ఒక మూట రాగులు పంపించినాడు."

తాత పక్కకు తిరిగి పండుకున్నాడు. నాకు నిద్ర పట్టలేదు. పొద్దున నేను అన్న మాట నోట్లో ముల్లు మాదిరి ఉండింది. క్షమించమని అడగడం మా ఇండ్లల్లో అలవాటు లేదు. తెల్లారి లేచి తాత కంటే ముందు పోయి నీళ్లు తెచ్చి పెట్టినాను.

ఆ తర్వాత ఏడాది తాత పోయినాడు. విల్లు ఏమైందో తెలీదు. పొయ్యిలోకి పోయుంటుంది.

* * *

హైస్కూల్లో తెలుగు అయ్యవారు దశరథుడి కథ చెప్పినాడు. చప్పుడు విని బాణం వేసే విద్య శబ్దవేధి, అది గొప్ప విద్య అన్నాడు. ఏనుగు నీళ్లు తాగుతా ఉందనుకుని వేస్తే, గుడ్డి తల్లిదండ్రులకు నీళ్లు పట్టుకునే పిల్లోడికి తగిలింది. "చూడకుండా ఎందుకేసినాడు సార్?" అని అడిగినాను. కూర్చోమన్నాడు. మా తాతకు రాని విద్య అది. వద్దనుకున్న విద్య.

డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో అన్నలు పుస్తకాలు ఇచ్చినారు. కారంచేడు, 1985 జూలై 17, ఆరుగురు. చుండూరు, 1991 ఆగస్టు 6, ఎనిమిది మంది. పొలాల్లో తరిమి తరిమి చంపి, గోనె సంచుల్లో కుక్కి కాలవలో వేసినారు. చదువుతా ఉంటే నాకు గుట్ట, పలకలు, కేకలు గుర్తొచ్చినాయి. తోలేవాళ్లను తోలినారు. అడవి మృగాలను లైసెన్సు పెట్టుకుని కూడా వేటాడకూడదని 1972 చట్టాన్ని మార్చింది ఆ 1991లోనే. చుండూరులో 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసింది.

వేటను బంద్ చేసిన చట్టం మంచిదే. మా తాతది కూడా దొంగవేటే, దాచను. దుప్పికి ప్రాణం ఉందని ఆయనకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. కాకపోతే ఆ చట్టం చేతికి ఎవరు దొరుకుతారు అనేది నా ప్రశ్న. జోధ్‌పూర్ దగ్గర 1998లో కృష్ణజింకలను చంపిన కేసులో నటుడు సల్మాన్ ఖాన్‌కు 2018లో ఐదేండ్ల శిక్ష పడింది. మూడో నాటికి బెయిలు వచ్చింది. మా పిల్లోడు దొరికితే? కొట్టినాయన జీపులో ఉంటాడు. నెత్తురు అంటేది జాడ తీసేవాడి చేతులకే.

* * *

ఇవన్నీ పిల్లోడికి ఉపన్యాసంగా చెప్పలేదు. చాక్‌పీసు చేతికిచ్చి లెక్క వేయమన్నాను.

క్రాస్‌బో బాణం సెకనుకు సుమారు 100 మీటర్లు. అరవై మీటర్లకు 0.6 సెకన్లు. చప్పుడు 340 మీటర్లు. అరవై మీటర్లకు 0.18 సెకన్లు. "తీసేయ్," అన్నాను. 0.42. "దుప్పి చేతిలో ఉండే టైము అది. కండ్లు మూసి తెరిచేదానికంటే ఎక్కువ." తర్వాత మా తాత పది బారలు, అంటే పద్దెనిమిది మీటర్లు. వెదురు విల్లు బాణం సెకనుకు 45 మీటర్లనుకుంటే 0.4 సెకన్లు. చప్పుడుకు 0.05. మిగిలింది 0.35.

వాడు రెండు అంకెలనూ చూస్తా నిలబడినాడు. "అంత కొత్త విల్లు పెట్టుకుని అంత దూరం నుంచి కొట్టేది, పాత విల్లుతో దగ్గర నుంచి కొట్టిన దాంతో కూడా సమానం కాదు సార్," అన్నాడు. బడిలో నేను ఇన్నేండ్లలో విన్న మంచి మాటల్లో అదొకటి.

తర్వాత వాడే అన్నాడు: "అయితే వాళ్లు కొట్టేవన్నీ కడుపులోనే తగుల్తాయి. పచ్చ నెత్తురు నేను చూసినా సార్. పోయిన నెలలో తెల్లారిందాకా ఎతికినాము. దొరకలేదు."

అప్పుడు పెద్దతాత సంగతి చెప్పినాను. రక్తపింజర సంగతి, రాగుల మూట సంగతి. వాడేమీ అనలేదు. బోర్డు తుడిచి పోయినాడు.

ఆ శనివారం రాత్రి వాళ్లింటికి పోయినాను. పరీక్షల నెపం పెట్టుకుని లెక్కల పుస్తకం తీసి వాడి పక్కన కూర్చున్నాను. వాళ్లమ్మ టమోటా తోటలో కాయలు కోసి అప్పుడే వచ్చింది. తొమ్మిదింటికి రోడ్డు మీద జీపు ఆగింది. హారన్ మూడు సార్లు కొట్టినారు. పిల్లోడు పుస్తకంలోంచి తల ఎత్తలేదు. పెన్సిలు మాత్రం ఆగిపోయింది. జీపు కొంచేపుండి ఎల్లిపోయింది.

వాళ్లమ్మ గుమ్మంలో నిలబడి రోడ్డు పక్క చూస్తా అనింది: "సార్, నువ్వు చెప్పేది మంచే. నాకు తోటలో కూలి మూడు నూర్లు. అది కూడా కాయ ఉన్నన్ని దినాలే. ఆ ఐదు నూర్లు ఎవురిస్తారు?"

నా దగ్గర జవాబు లేకపోయింది. వచ్చే శనివారం మళ్లీ వస్తానని మాత్రం చెప్పినాను. పిల్లోడు అప్పుడు తల ఎత్తి, "ఎన్నింటికి సార్?" అని అడిగినాడు.