సముద్రం వెళ్లిపోయింది... హోటల్‌ ఉండిపోయింది!

సింగపూర్‌లో బీచ్‌రోడ్డు అని ఓ వీధి ఉంది. అక్కడ బీచ్‌ మాత్రం కనిపించదు! ఒకప్పుడు అలలు ఆ రోడ్డు దాకా వచ్చేవి. దశాబ్దాలపాటు సముద్రాన్ని పూడ్చుకుంటూ పోవడంతో తీరం దూరంగా జరిగిపోయింది. ఆ మధ్యలో ఇప్పుడన్నీ షాపింగ్‌ మాల్సూ ఎత్తైన భవనాలే. వాటికి ఇవతల, ఎర్రపెంకుల కప్పుతో తెల్లగా మెరిసిపోతుంటుంది రాఫెల్స్‌ హోటల్‌.

1887 డిసెంబరులో పదిగదుల బంగళాగా మొదలైందిది. స్థలం అల్‌సగాఫ్‌ అనే అరబ్బు వ్యాపారిది. దాన్ని లీజుకు తీసుకుని హోటల్‌ పెట్టింది పర్షియా నుంచి వచ్చిన ఆర్మేనియన్లు... సర్కీస్‌ సోదరులు. పేరేమో ఆంగ్లేయుడిది! 1819లో సింగపూర్‌లో ఈస్టిండియా కంపెనీ స్థావరాన్ని నెలకొల్పిన స్టాంఫర్డ్‌ రాఫెల్స్‌ది. ఆయన 1826లోనే కన్నుమూశాడు.

నలుగురు అన్నదమ్ముల్లో ఇక్కడి వ్యవహారాలు చూసింది టిగ్రాన్‌. 1899లో మూడంతస్తుల ప్రధాన భవనం కట్టించి, కరెంటు దీపాలూ ఫ్యాన్లూ పెట్టించాడు. ఆ రోజుల్లో అదో వింత. 1902లో ఓ ప్రదర్శన నుంచి తప్పించుకున్న పులి ఇక్కడి బిలియర్డ్స్‌ గది కింద దూరింది. స్తంభాలమీద కట్టిన గది కావడంతో అడుగున ఖాళీ ఉండేది మరి. అర్ధరాత్రి దాటాక ఓ స్కూలు హెడ్మాస్టరును పిలిపించి కాల్పించారు. బిలియర్డ్స్‌ బల్ల కింద దూరిందన్నది తర్వాత పుట్టిన కథ.

చివరి తమ్ముడు ఆర్షాక్‌ది పెద్దచెయ్యి. పెనాంగ్‌లోని తమ మరో హోటల్‌, ఈ అండ్‌ ఓ కోసం భారీగా ఖర్చుపెట్టాడు. ఇంతలో ఆర్థికమాంద్యం వచ్చిపడింది. మలయా రబ్బరు ధర కుప్పకూలింది. హోటళ్లను పోషించిన రబ్బరు తోటల దొరలే చితికిపోతే ఇక బిల్లులు కట్టేదెవరు? 1931లో ఆర్షాక్‌ చనిపోయాడు. ఆ ఏడాదే సర్కీస్‌ సంస్థ దివాలా తీసింది. నలభైనాలుగేళ్లు నడిపిన కుటుంబం చేతుల్లోంచి హోటల్‌ జారిపోయింది. 1933లో దాన్ని నడపడానికి కొత్తగా ఓ కంపెనీ ఏర్పడింది.

1942లో జపాన్‌ సైన్యం వచ్చి పేరు కూడా మార్చేసింది... స్యోనాన్‌ ర్యోకాన్‌ అని. యుద్ధం ముగిశాక పాతపేరు తిరిగొచ్చింది. 1987లో జాతీయ కట్టడంగా ప్రకటించారు కాబట్టి కూల్చేస్తారన్న బెంగ తీరింది. యజమానులు మాత్రం మారుతూనే ఉన్నారు. 2005లో ఓ అమెరికన్‌ పెట్టుబడి సంస్థ కొంటే, 2010లో ఖతార్‌ చేతికి వెళ్లింది. 2017 చివర్లో మరమ్మతుల కోసం మూసి, 2019లో మళ్లీ తెరిచారు.

ఇంతమంది యజమానులున్నా, హోటల్‌ పేరును ప్రపంచమంతా తిప్పింది ఓ ఉద్యోగి! 1915 ప్రాంతంలో ఎన్‌గియామ్‌ టాంగ్‌ బూన్‌ అనే చైనీస్‌ బార్‌టెండర్‌ కలిపిన గులాబీరంగు పానీయమే ‘సింగపూర్‌ స్లింగ్‌’. దాన్ని రుచిచూడ్డానికి గది తీసుకోనక్కర్లేదు. లాంగ్‌బార్‌కి వెళ్తే చాలు. అక్కడ ఇచ్చే వేరుసెనక్కాయలు ఒలుచుకుని తొక్కల్ని నేలమీదే పడెయ్యొచ్చు. వీధిలో చెత్త వేస్తే జరిమానా కట్టించే సింగపూర్‌లో... దర్జాగా!