వాడరేవు దారిలో ఇంటి కోసం

చీరాల నుంచి వాడరేవుకు 6, 7 కిలోమీటర్ల దూరం. ఈ దారిన మేము ఎన్నోసార్లు వెళ్ళాము. సెలవు దినాలలో పిల్లలకు సముద్రం చూపించడానికీ, దూరం నుంచి వచ్చిన బంధువులను అలల ఒడ్డున కాసేపు కూర్చోబెట్టడానికీ వెళ్ళాము. కాని గడచిన శీతాకాలంలో ఒక ఆదివారం ఫజర్ నమాజు ముగించుకుని బయలుదేరినప్పుడు మా ధ్యాస సముద్రం మీద లేదు. మేము ఇల్లు చూడటానికి వెళుతున్నాము.

చీరాలలో రెండు గదుల అద్దె ఇంట్లో మేమిద్దరం, కుమారుడు, కోడలు, ఇద్దరు మనుమలు కాలం గడుపుతున్నాము. మనుమరాలు మూడో తరగతి చదువుతోంది. మనుమడు బడిలో చేరవలసిన వయసుకు వచ్చాడు. కుమారుడు కొంత కూడబెట్టాడు, అమ్మిన పొలం తాలూకు సొమ్ము మరికొంత ఉంది. విశాలమైన ఇల్లు కావాలన్న కోరిక తప్పు కాదు. విశాలమైన నివాసాన్నీ మంచి పొరుగునూ మనిషి సౌభాగ్యంలో భాగాలుగా దైవప్రవక్త (సఅసం) లెక్కించారు. అయితే ఆ రెంటినీ ఆయన ఒకే చోట చెప్పిన సంగతి మనం తరచుగా మరచిపోతాము.

ఊరు దాటగానే మగ్గాల చప్పుడు వెనకబడింది. ఇసుక నేలలు, సరుగుడు తోటలు, కొత్తగా రాళ్ళు పాతిన స్థలాలు మొదలయ్యాయి. వాడరేవు అంటే ఓడలు ఆగే రేవు. పిడుగురాళ్ళ నుంచి నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు, చీరాలల మీదుగా వచ్చే 167ఏ జాతీయ రహదారి ఇక్కడే ముగుస్తుంది. పత్తి చేలు, మిరప కల్లాలు దాటి వచ్చిన దారి చివరకు చేపల వలల దగ్గర ఆగుతుంది. ఈ తీరాన ఓడరేవూ, పరిశ్రమల నడవా వస్తాయని 2008లో వాన్‌పిక్ పేరిట పెద్ద ప్రకటన జరిగింది. ఓడరేవు నేటికీ రాలేదు. రాబోయేదాన్ని చూసి ఇల్లు కొనరాదనడానికి ఇంతకంటే వేరే పాఠం అక్కరలేదు.

మేము చూసిన ఇంటికి నాలుగు గదులున్నాయి. మేడ మీద నిలబడితే సముద్రపు గాలి తగులుతోంది. చుట్టూ ఖాళీ స్థలాలే. “అబ్బా, ఈ ధరకు ఊళ్ళో ఇందులో సగం ఇల్లు కూడా రాదు” అన్నాడు మా కుమారుడు. కోడలి కళ్ళు వంటగది మీదనే ఉన్నాయి. మాతో వచ్చిన మా అమ్మాయి మాత్రం గుమ్మం దాటి లోపలికి రాలేదు. వీధి వైపు చూస్తూ, “బడి ఎంత దూరం అబ్బా?” అని అడిగింది.

మేము జవాబు చెప్పలేకపోయాము. ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో మా ఇద్దరికే తెలుసు.

పాతికేళ్ళ క్రితం పర్చూరు వైపు ఒక పల్లెలో బోధిస్తున్న రోజుల్లో ఊరి నడిబొడ్డున ఉన్న ఇరుకింటిని వదిలి, పొలాల అంచున పెద్ద ఇంటికి మారాము. విశాలమైన వాకిలి, బావి, వేపచెట్టు. మిరపకాయలు ఎండబోసే కాలంలో వాకిలంతా ఎర్రగా ఉండేది. అమ్మాయి ఏడో తరగతి పూర్తి చేసింది. ఉన్నత పాఠశాల 5 కిలోమీటర్ల దూరాన ఉంది. బస్సు వచ్చిన రోజు వచ్చేది, రాని రోజు రాదు. చేల మధ్య దారి నిర్మానుష్యం. కొన్నాళ్ళు మేమే సైకిలు మీద దించి వచ్చాము. మద్రసా వేళలతో అది కుదరలేదు. “ఈ ఏడాదికి ఆగనివ్వండి” అని ఇంట్లో అన్నారు. మేము సరేనన్నాము. ఆ ఏడాది మరి ముగియలేదు. ఊళ్ళోవారి బిడ్డలకు అక్షరాలు నేర్పిన మేము, మా బిడ్డ చదువును ఒక వాకిలికి బదులుగా ఇచ్చివేశాము. అమ్మాయి ఒక్కనాడూ మమ్మల్ని నిందించలేదు. నిందించి ఉంటే కొంత తేలికగా ఉండేదేమో.

ఆ ఉదయం మనుమరాలి చెయ్యి పట్టుకుని ఆ ఇంటి నుంచి దగ్గరలోని బడి దాకా నడిచాము. పెద్దల నడకతో కాదు, తన నడకతో. 35 నిమిషాలు పట్టింది. దారిలో లారీలు పరుగెత్తే రహదారిని దాటవలసి వచ్చింది. కాలిబాట లేదు. తిరుగు దారిలో పాప రెండుసార్లు కూర్చుంది. ఇల్లు అమ్మే మధ్యవర్తి తన బండి మీద ఆ దూరాన్ని “ఐదు నిమిషాలు” అని చెప్పాడు. అతడు అబద్ధమాడలేదు. బడికి వెళ్ళేది అతడు కాదు, అంతే.

చట్టం కూడా దూరాన్ని పిల్లవాడి అడుగులతోనే కొలిచింది. 2009 విద్యాహక్కు చట్టం కింద మన రాష్ట్ర నియమావళి ప్రకారం 1 నుంచి 5 తరగతులకు ఒక కిలోమీటరు లోపల, 6 నుంచి 8 తరగతులకు 3 కిలోమీటర్ల లోపల బడి ఉండాలి. అదే చట్టం పేద, బలహీన వర్గాల పిల్లలకు ప్రైవేటు బడుల ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు కేటాయించింది. అక్కడా పరిసరాల పిల్లలకే అవకాశం. అందుకే మధ్యవర్తి, “మీరు ఇక్కడికి వచ్చినా ఆధార్‌లో పాత చిరునామానే ఉంచుకోండి, ఊళ్ళో సీటుకు పనికొస్తుంది” అని సలహా ఇచ్చాడు. మేము వద్దన్నాము. పిల్లవాడి మొదటి బడి దరఖాస్తు మొదటి అబద్ధం కాకూడదు. పైగా ఆ సీటు, నిజంగా ఆ వీధిలోనే ఉండే మరో పేదవాడి బిడ్డది.

నేడు దగ్గర ఉన్న తరగతి రేపు అక్కడే ఉంటుందన్న హామీ కూడా లేదు. 2022లో జీవో 117 ద్వారా 3, 4, 5 తరగతులను అనేక చోట్ల ఉన్నత పాఠశాలలకు తరలించారు. 2025లో ఆ జీవోను రద్దు చేసి బడులను మళ్ళీ పునర్వ్యవస్థీకరించారు. కనుక బడి ఉందా అని అడిగితే చాలదు. అందులో ఏ తరగతి వరకు ఉంది, ఎంతమంది పిల్లలున్నారు, ఆ తరువాత ఆడపిల్ల ఎక్కడికి వెళ్ళాలి అని కూడా అడగాలి.

ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక వృద్ధుడు మమ్మల్ని పలకరించాడు. “సాయిబుగారూ, ఇల్లు చూడ్డానికొచ్చారా? తుఫానప్పుడు నీళ్ళు ఎందాకా వచ్చాయో అడిగారా?” మేము అడగలేదు. 1977 నవంబరు నాటి ఉప్పెన గురించి తన తండ్రి చెప్పిన మాటలు, 2004 సునామీ నాటి ఉదయం, 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు, అన్నీ చెప్పుకొచ్చాడు. చివరకు, “గోడలు కాదండీ, రాత్రిపూట తలుపు తట్టేవాడు కావాల” అన్నాడు. అతడు మన ధర్మం వాడు కాడు. పొరుగువారి హక్కుల మీద మేము ఏళ్ళ తరబడి చెప్పిన పాఠాన్ని అతడు ఒక్క ముక్కలో చెప్పాడు.

చీరాల చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1921లో పురపాలక పన్నుల భారానికి నిరసనగా, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో చీరాల పేరాల ప్రజలు వేల సంఖ్యలో ఇళ్ళు వదిలి, ఊరి వెలుపల రామనగరం అనే పాకల ఊరు కట్టుకుని సుమారు 11 నెలలు నివసించారు. వారు ఇళ్ళను వదిలారు గాని ఇరుగుపొరుగును వదలలేదు. అందుకే ఎండకూ వానకూ నిలవగలిగారు.

చివరకు ఆ నాలుగు గదుల ఇంటిని వదులుకున్నాము. చీరాల శివార్లలో, వాడరేవు వైపే, నేతపనివారి వీధిలో మూడు గదుల పాత ఇల్లు తీసుకున్నాము. మేడ లేదు, సముద్రపు గాలీ అంతగా రాదు. కాని ప్రాథమిక పాఠశాల పాప నడకతో 10 నిమిషాలు. ఉన్నత పాఠశాలకు అదే వీధి పిల్లలు గుంపుగా నడిచి వెళతారు. ఎదురింటి నేతకారుని భార్య మేము సామాను దించిన రోజే మంచినీళ్ళ బిందె పంపింది.

మస్జిదుకు దూరమవుతున్నామని మా ఇంట్లో కొంత దిగులుపడ్డారు. మదీనా శివార్లలోని బనూ సలిమా వారి ఉదంతాన్ని గుర్తుచేశాము. మస్జిదె నబవీ సమీపానికి మారిపోవాలని వారు తలచినప్పుడు దైవప్రవక్త (సఅసం) వారిని ఉన్నచోటనే ఉండమన్నారు. వారి అడుగులు లిఖించబడుతున్నాయని ఓదార్చారు. మదీనా శివార్లు ఖాళీ కావడం ఆయనకు ఇష్టం లేదు. ఈ మాటను బడులకు కూడా అన్వయించుకోవచ్చునని మాకు తోచింది. స్తోమత ఉన్న ప్రతి కుటుంబమూ తన పిల్లలను దూరపు బడికి పంపితే, వీధిలోని బడి పేదల పిల్లలతో మాత్రమే మిగిలి క్రమంగా మూతపడుతుంది. అందుకే మనుమలిద్దరినీ ఆ వీధి బడిలోనే చేర్చాము. సాయంత్రం చదువు చెప్పే బాధ్యత మేము తీసుకున్నాము. ఇరుగింటి పిల్లలు కూడా వచ్చి కూర్చుంటున్నారు.

ఇల్లు మారదలచిన సోదర సోదరీమణులకు మా మనవి ఒక్కటే. గదులు లెక్కించే ముందు ఇంట్లో అందరికంటే చిన్నవారి చెయ్యి పట్టుకుని బడి దాకా ఒకసారి నడవండి. వర్షాకాలంలో మరోసారి నడవండి. వేసవిలో బోరునీరు ఉప్పగా మారుతుందేమో పొరుగువారిని అడగండి. తీరానికి దగ్గరైతే తీరప్రాంత నియంత్రణ నిబంధనలు ఆ స్థలానికి వర్తిస్తాయేమో విచారించండి. ఆడపిల్ల పదో తరగతి వరకు ఏ దారిన వెళుతుందో ఇంటి పెద్దలంతా కూర్చుని ముందే నిర్ణయించుకోండి.

బడి తెరిచిన మొదటి రోజు పాపను తీసుకువెళ్ళడానికి మా అమ్మాయి తానే వచ్చింది. మేము వెంట వస్తామంటే వద్దంది. గుమ్మంలో నిలబడి చూశాము. మలుపు దగ్గర పాప చెయ్యి వదిలించుకుని తోటి పిల్లలతో ముందుకు పరుగెత్తింది. మా అమ్మాయి మాత్రం బడి గేటు కనిపించేదాకా నడుస్తూనే ఉంది.