ఎకరా ఇరవై సెంట్ల లెక్క



ఈ ఏప్రిల్ 14న మదనపల్లెలో సభ అయిపోయాక, డిగ్రీ చివరి ఏడాది చదువుతున్న ఒక తమ్ముడు నన్ను చెట్టు కిందికి పిలిచి అడిగాడు. "అన్నా, ఉద్యోగం లేదు, వెనక ఆస్తి లేదు. ఎట్ల బతుకుతుండావు? నెలకు ఎంతొస్తాది? నిజం చెప్పు."

కురబలకోట బస్సుకు టైమైంది. "ఏదో నడుస్తాంది తమ్ముడూ" అని తప్పించుకుని వచ్చేశాను. బస్సులో కూర్చున్నాక సిగ్గేసింది. ఆ పిల్లోడు ఊరికే అడగలేదు. ఇంట్లోవాళ్లు బెంగుళూరు పొమ్మంటున్నారు, వాడికేమో ఇక్కడే ఉండి పని చేయాలని ఉంది. ఉంటే తినేదేమిటని అడిగాడు. మన ఉద్యమాల్లో అన్నీ మాట్లాడతాం, ఈ ఒక్కటి మాట్లాడం. ఎవరి జీతం మీద ఎవరు ఉద్యమం చేస్తున్నారో చెప్పం. చాలామంది ఉద్యమకారుల కంచంలో బువ్వ వెనక ఒక ఆడమనిషి సంపాదన ఉంటుంది. నా కంచం వెనక కూడా ఉంది. అందుకని ఈ వారం సిద్ధాంతం పక్కన పెట్టి లెక్క రాస్తున్నాను.

ఇంట్లో ఇద్దరం. అమ్మ, నేను. నాకొచ్చేది అనువాదాల డబ్బు. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి పాఠాలు, ఆరోగ్యం కరపత్రాలు, యాప్‌లలో కనబడే చిన్న చిన్న వాక్యాలు. మాటకు రూపాయి ఇచ్చేవాళ్లున్నారు, నలభై పైసలకు బేరమాడేవాళ్లున్నారు. పోయిన ఏడాది మొత్తం కూడి పన్నెండుతో భాగిస్తే నెలకు 11,000. కానీ బతుకు భాగిస్తే వచ్చిన అంకె మీద నడవదు కదా. ఒక నెల 23,000 వచ్చింది. రెండు నెలలు సున్నా. చేసిన పనికి డబ్బు 45 రోజులకు వస్తే అదృష్టం, 90 రోజులు మామూలు.

అమ్మకు వితంతు పింఛను 4,000. 2024 జులై దాకా అది 3,000. రేషన్ బియ్యం ఉచితం. ఎస్సీ ఇళ్లకు 200 యూనిట్ల దాకా కరెంటు ఉచితం కాబట్టి ఆ బిల్లు లేదు. ఖర్చులు: నూనె, పప్పు, చక్కెర, సబ్బులు కలిపి 1,600. ఫోను, నెట్టు 600. అమ్మ బీపీ మాత్రలు 350. బస్సులు, టీలు, ఎవరైనా వస్తే ఇంకొంచెం, 900. ల్యాప్‌టాప్ కంతు 2,100, ఇంకా ఐదు నెలలుంది. పెళ్లికో చావుకో పెట్టాల్సింది పెట్టాక మొత్తం ఏడు వేలు దాటదు. సిలిండరు రెండున్నర నెలలు వస్తుంది, సంగటి పొయ్యి మీదే కెలుకుతాం గనుక.

దీన్ని ఇప్పుడు నిరాడంబర జీవితం అంటున్నారు. హార్స్‌లీ కొండకు పోయే బెంగుళూరు కార్లు మా రోడ్డు మీదే పోతాయి. ఒకసారి కొందరు దిగి, మట్టి అలికిన మా వాకిలి, పొయ్యి, ఉట్టి అన్నీ ఫోటో తీసుకున్నారు. ఎంత తక్కువతో బతుకుతున్నారో అని ఒకాయన మెచ్చుకున్నాడు. మంచాయనే. అమ్మ నాతో మెల్లగా అంది: "ఎక్కువుంటే యాడ పెట్టుకోవాలో నాకు తెలుసని చెప్పు రా ఆయప్పకి."

మా తాత జీతగాడు. కూలి రాగుల్లోనే, ఆ ఇంటి శేరుతోనే కొలిచేవాళ్లు. అవ్వ ఆ రాగులకు ఆకు కలిపి ఐదుగురిని సాకింది. చేలలో కలుపుకు పోయి, పీకిన కలుపులోంచే చెంచలాకు, దొగ్గలాకు, గురుగాకు ఏరి కొంగులో కట్టుకొచ్చేది. రైతుకు అది కలుపు, మాకది కూర. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక మా పల్లెలో రాగులు వెనక్కి పోయాయి. అవ్వ చెప్పేది, మొదటిసారి వరుసగా వారం రోజులు వరి బువ్వ తిన్నప్పుడు తాత మీసం దువ్వుకున్నాడని. సంగటి తినేవాళ్లని ఎగతాళి చేయించుకున్న జాతికి ఆ తెల్ల బువ్వ ఎంత విలువైనదో చిరుధాన్యాల మీద ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఒక్క నిమిషం ఆలోచించాలి. ఇప్పుడు రాగిపిండికి రంగు సంచీ వేసి అమ్ముతున్నారు. సరే, తినండి. మంచిదే.

ఇప్పుడు చేను సంగతి.

ఎమర్జెన్సీ రోజుల్లో 20 సూత్రాల కింద భూములు పంచినప్పుడు అవ్వ పేరు మీద డీకేటీ పట్టా వచ్చింది. కాగితం మీద ఎకరా ఇరవై సెంట్లు. నేల మీద కొలిస్తే 80 సెంట్లు. మిగతాది ఎటు పోయిందో పక్క చేని కంచెను అడగాలి. అదీ గుట్ట వాలు, గులకరాయి. నేను 2020 లాక్‌డౌన్‌లో హైదరాబాద్ నుంచి వచ్చేనాటికి అందులో కంపచెట్లు తప్ప ఏమీ లేవు. అమ్మ, అవ్వ, నేను ముగ్గురం కలిసి కొట్టి శుభ్రం చేశాం. అవ్వ గట్టు మీద కూర్చుని ఎక్కడ ఏం చల్లాలో చెప్పేది.

పోయిన ఏడాది అరెకరాలో రాగి వేశాం, మధ్యలో అనప, అలసంద, కంది సాళ్లు. రెండు క్వింటాళ్ల రాగులొచ్చాయి. ఇద్దరికి నెలకు పద్నాలుగు కిలోలు పోతాయి, ఏడాదికి సరిపోయి విత్తనానికి మిగిలింది. డిసెంబరు చలిలో పితికిపప్పు వండినన్ని రోజులు నేను బజారులో కూరగాయ కొనలేదు. ఎండిన అనపగింజలను అమ్మ బూడిద కలిపి కుండలో పోసి మూతి కట్టి పెడుతుంది. పురుగు పట్టదు.

తమ్ముడూ, ఇక్కడ నిజం చెప్పాలి. 2024-25లో రాగులకు మద్దతు ధర క్వింటాలుకు 4,290. అంటే నాలుగు నెలలు ఇద్దరి నడుములు విరిగి పండిన నా పంట విలువ 8,580 రూపాయలు. పని ఉన్న నెలలో అది నాకు పది రోజుల టైపింగు. డబ్బు లెక్కలో ఈ సేద్యం దండగ. ఎవరైనా మిమ్మల్ని పెరటి సేద్యంతో ఆదా చేయొచ్చని ఊరిస్తే నమ్మకండి. విత్తనం సొంతం, ఒళ్లు సొంతం అనుకుంటేనే ఆ మాత్రం మిగులుతుంది. ఒంటికి కూలి కడితే చేతి నుంచే పడుతుంది.

మరెందుకు చేస్తున్నానంటే, ఒక సంగతి చెబుతాను. 2023లో ఒక ఏజెన్సీ వాళ్లు వీడియోలకు మాటలు రాయమన్నారు. అందులో పనిమనిషి పాత్ర "పల్లె యాసలో" మాట్లాడాలి, జనం నవ్వాలి. "మీదే కదా ఆ యాస, సహజంగా వస్తుంది" అన్నారు. రాశాను. చేతిలో డబ్బు లేదు, ఇంట్లో గింజ లేదు. మా అవ్వ మాటల్నే వాడాను. 6,000 వచ్చాయి. ఆ వీడియో ఇప్పటికీ ఎవరికీ చూపించలేదు. పోయిన డిసెంబరులో అదే పని రెట్టింపు డబ్బుకు మళ్లీ వచ్చింది. ఆ నెల నా ఆదాయం సున్నా. కానీ రాగులు కుండలో ఉన్నాయి, చెట్టుకు అనపకాయ ఉంది. కుదరదన్నాను. నాకు ధైర్యం పెరిగిందని అనుకోకండి. రెండేళ్లకూ తేడా ఆ రెండు క్వింటాళ్లే. అమ్మ మాత్రం "పన్నెండు వేలు వద్దంటివా? నేను కాయ కోసేకి పోయేది ఎన్ని దినాలకు రా పన్నెండు వేలు?" అని రెండు రోజులు మాట్లాడలేదు. ఆమెకు ఆ హక్కుంది.

ఎందుకంటే అమ్మ ఇంకా టమాటా కోతకు పోతుంది. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లో కిలో టమాటా రెండు వందల దగ్గరికి పోయింది కదా, ఆ నెలంతా దేశం మా ఊరి టమాటా గురించే మాట్లాడింది. కోసేవాళ్ల కూలి మాత్రం పెరగలేదు. అంతకుముందు పగిలిన కాయలు నాలుగు కొంగులో వేసుకొస్తే ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. ఆ నెలలో గట్టు మీద నిలబెట్టి ఆడవాళ్ల సంచులు విప్పించి చూశారు. అమ్మ ఇంటికొచ్చి ఏమీ అనలేదు. మరుసటి రోజు గిన్నెలు కడిగిన నీళ్లు పారే చోట ఆరు టమాటా నారు నాటింది.

నీళ్ల దగ్గరికి వచ్చాను. అసలు కథ ఇదే.

మా పక్క వెయ్యి అడుగులు దింపినా బోరు పడుతుందన్న నమ్మకం లేదు. మాకు వేయించే శక్తీ లేదు. పక్క చేను పెద్దరైతు బోరు నుంచి వారానికి రెండు గంటలు మా మూలకు పైపు తిప్పేవాడు. పదిహేను సెంట్లలో వంగ, మిరప, చిక్కుడు. బదులుగా అమ్మ నెలకు నాలుగు రోజులు ఆయన తోటలో కూలి లేకుండా చేసేది. వాళ్ల నాయన్ని మా అవ్వ "సామీ" అనేది. నేను ఈయన్ని "అన్నా" అంటాను. ఆ పిలుపు ఆయనకు ఎప్పుడూ సరిగ్గా జీర్ణం కాలేదు. అయినా నీళ్లొచ్చేవి.

2022లో అవ్వ పోయింది. ఆమెను మోసుకుపోయిన శ్మశానం దారికి తర్వాతి ఏడాది ముళ్లకంచె పడింది. మా పల్లె అందరి తరఫున అర్జీ రాసింది నేనే. సోమవారం ఇచ్చాం. వచ్చే సోమవారం మా మూలకు నీళ్లు రాలేదు. పోయి అడిగాను. ఒక్క చెడ్డ మాట అనలేదు. "మోటారు కాలిపోయిందప్పా" అన్నాడు. ఆ రాత్రి మిద్దె మీద పని చేసుకుంటుంటే మోటారు తిరిగే చప్పుడు వినబడుతూనే ఉంది. సిగ్నల్ కోసం నేను రోజూ మిద్దె ఎక్కుతానని ఆయనకు తెలుసు.

తొమ్మిది రోజుల్లో చిక్కుడు వాడింది. బిందెలతో మోసి మిరపను కొంత కాపాడాం. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్లు దోసిట్లోకి తీసుకున్న రోజు గురించి నేను ఎన్ని సభల్లో మాట్లాడి ఉంటాను. మా చేని మూల వాడిపోయిన చిక్కుడు పందిరి కింద కూర్చుంటే అది చరిత్ర పాఠంలా అనిపించలేదు. అది ఊరుమ్మడి చెరువు, హక్కుగా అడగొచ్చు. ఇది సొంత బోరు. అర్జీలో ఏమని రాయాలి?

అమ్మ ఆ నెల కూడా నాలుగు రోజులు పనికి పోయింది. నేను కోపగించుకున్నాను. "నీళ్లు ఆపినాడని నేను పోకుంటే, రేపు కూలికి పిలిచేదెవురు? నీ కంపెనీవోడా?" అంది. నా దగ్గర జవాబు లేదు. సర్వేయరు ఒకసారి వచ్చి కొలిచి పోయాడు. కంచె సగం జరిగింది. శవం పోవచ్చు, నలుగురు మోసేవాళ్లలో ఇద్దరు వంగాలి.

1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ గ్రామాన్ని ఎంత కఠినంగా విమర్శించారో మీకందరికీ తెలుసు. పల్లె వదలమన్న ఆయన బిడ్డలం, నువ్వు ల్యాప్‌టాప్ పట్టుకుని పల్లెకు తిరిగి పోయావేంటని ఒక మిత్రుడు వెక్కిరించాడు. న్యాయమైన ప్రశ్నే. ఊరు మంచిదని నేను రాలేదు. నగరంలో పేరు చెబితే గది ఇవ్వని ఇళ్లు మూడు చూశాను. అక్కడ అద్దె కట్టి అవమానపడటమా, ఇక్కడ అద్దె లేకుండానా అన్నది నా ముందున్న ఎంపిక. అదీ గాక, ఇక్కడ అవ్వ పేరున కాగితం ఒకటుంది.

ఆ కాగితం సంగతి. 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి ఫైళ్లు కాలిపోయాయి. పొద్దున వార్త తెలిసేసరికి మా పల్లెలో ప్రతి ఇంటా ట్రంకు పెట్టెలు బయటికొచ్చాయి. మడతల దగ్గర చిరిగిన పట్టాలు, పాసుపుస్తకాలు, అన్నీ మంచాల మీద. చదువు రాని పెద్దవాళ్లు కాగితం నా చేతికిచ్చి "ఇదేనా, ఇది ఉంటే చాలా?" అని అడుగుతున్నారు. రోజంతా ఫోనుతో ఫోటోలు తీశాను. 1977 చట్టం అసైన్డ్ భూమిని అమ్మకూడదంది. 2023లో సవరించి ఇరవై ఏళ్లు దాటితే అమ్ముకోవచ్చన్నారు. అప్పటి నుంచి కొనేవాళ్ల తిరుగుడు ఎక్కువైంది. అమ్ముకునే హక్కు మనకెందుకు ఉండకూడదు, అందరికీ ఉంది కదా అని వాదించేవాడిని. ఇప్పుడూ తప్పనను. కానీ ఆడపిల్ల పెళ్లికి ఒక ఇల్లు అమ్మేసింది, ఆ తర్వాత ఆ ఇంటి అమ్మ అదే చేలో కూలికి పోవడం చూశాను.

నీళ్లు ఆగాక మేం సేద్యం మార్చాం. జహీరాబాద్ పక్క పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ల గురించి చదివి ఉంటారు. ఎక్కువమంది దళిత స్త్రీలు. చిన్న చిన్న మెట్ట చెలకల్లో వాన మీద ఆధారపడి రకరకాల పంటలు కలిపి వేసుకుంటారు, విత్తనం ఇంట్లోనే దాచుకుంటారు. 2019లో వాళ్లకు ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. ఆ సంగతి అమ్మకు చదివి వినిపిస్తే "ఇది మా అత్త చేసిందే కదా, దీనికి బహుమానమా?" అంది. ఇప్పుడు మా 80 సెంట్లలో ఎవరినీ నీళ్లు అడగనివే ఉంటాయి. రాగి, అనప, అలసంద, కంది, గట్ల మీద గోంగూర. వంగ, చిక్కుడు లేవు. చిక్కుడు నాకు చాలా ఇష్టం.

తమ్ముడూ, నువ్వు అడిగినదానికి లెక్క ఇది. బెంగుళూరు పో అనను, వద్దనీ అనను. పోయే ముందు ఒకసారి మా ఇంటికి రా, అమ్మతో మాట్లాడు. నాకంటే ఆమె సరిగ్గా చెబుతుంది.

నిన్న సాయంత్రం మంచి వాన పడింది. అమ్మ విత్తనం రాగులు చేటలో పోసి చెరుగుతోంది. ట్రాక్టరాయన గంటకు 1,200 అడుగుతున్నాడు, మార్చిలో చేసిన పనికి డబ్బులు ఇంకా పడలేదు. మిద్దె మీద కూర్చుని ఇది రాస్తున్నాను. పక్క చేలో మోటారు తిరుగుతోంది.