నాలుగు వాకిళ్లు... ఇల్లేదీ?

మాస్కో అనగానే రెడ్ స్క్వేర్ గుర్తొస్తుంది. బీజింగ్ అంటే తియానన్మెన్. హైదరాబాద్ అంటే... చెప్పేదేముంది, చార్మినార్! ఏ రాజధానికైనా నట్టనడుమ ఇలాంటి చోటొకటి ఉంటుంది. ఊరేగింపులు అక్కడికే చేరతాయి. కొత్తగా గద్దెనెక్కినవాడు ముందు దాన్నే తనదంటాడు. మరి కాకతీయుల రాజధాని ఓరుగల్లుకు అలాంటి చోటేది?

ఉంది. ఖిలా వరంగల్‌లో, నాలుగు రాతి తోరణాల నడుమ ఉంది. తోరణం మనకు కొత్త కాదు. పెళ్లి మండపాల ముందు థర్మాకోల్‌తో చేసి పెడతారు. దుకాణాల బోర్డుల మీద గీస్తారు. 2014లో తెలంగాణ ఏర్పడినప్పుడు రాష్ట్ర చిహ్నంలోకీ ఎక్కింది. తోరణాన్ని గుర్తుపట్టనివాళ్లు లేరు. అది ఏ చోటికి వాకిలో తెలిసినవాళ్లే తక్కువ.

మాది వరంగలే. అమ్మమ్మగారిల్లు కోటలో. చిన్నప్పుడు సెలవులొస్తే మా ఆటలన్నీ ఆ రాళ్ల పక్కనే. మొన్న వేసవిలో మా అమ్మాయిని తీసుకెళ్లాను. ఏడేళ్ల పిల్ల. నాలుగు తోరణాలూ చుట్టి వచ్చి, చెమట తుడుచుకుంటూ అడిగింది.

‘‘నాన్నా, నాలుగు దిక్కులా నాలుగు వాకిళ్లున్నయి. మరి ఇల్లేది?’’

పెద్దవాళ్లెవరూ నన్నడగని ప్రశ్న అది. జవాబు చెప్పాలంటే ఎనిమిది వందల ఏళ్లు వెనక్కి నడవాలి.

అన్ని దారులూ అక్కడికే!

కాకతీయులు మొదట హనుమకొండ నుంచి పాలించారు. 1163లో వేయిస్తంభాల గుడి కట్టించిన రుద్రదేవుడి కాలంలోనే ఓరుగల్లులో కోట పనులు మొదలయ్యాయంటారు. గణపతిదేవుడి హయాంలో (1199-1262) రాజధాని ఇక్కడ స్థిరపడింది. ఆయన కూతురు రుద్రమదేవి (1262-1289) కోటను ఇంకా గట్టి చేసింది. ఒకే రాతిగుట్ట ఉన్న ఊరు కాబట్టి ఓరుగల్లు. దాన్నే సంస్కృతంలో ఏకశిలానగరం అన్నారు.

ఈ నగరం గుండ్రంగా ఉంటుంది. లోపల రాతికోట, దాని అడ్డకొలత దాదాపు 1.2 కిలోమీటర్లు. చుట్టూ నీళ్ల కందకం. ఆ బయట మట్టికోట, దాని అడ్డకొలత దాదాపు 2.4 కిలోమీటర్లు. ఇంకా అవతల హనుమకొండను కూడా కలుపుకొని మరో మట్టికట్ట. రాతికోటకు నాలుగు దిక్కులా నాలుగు దర్వాజాలు. ఏ దర్వాజాలోంచి వచ్చినా దారి నడిమికే తీసుకెళ్తుంది... బండిచక్రంలో ఆకులన్నీ ఇరుసు దగ్గరికి చేరినట్టు!

ఆ ఇరుసు దగ్గర ఉండేది స్వయంభూ శివాలయం. కాకతీయుల రాజ్యదైవం కొలువున్న చోటు. దాని ప్రాంగణానికి వాకిళ్లే ఈ నాలుగు కీర్తితోరణాలు. ఉత్తర దక్షిణ తోరణాల మధ్య దూరం 480 అడుగుల దాకా ఉంటుంది. తూర్పు పడమరల మధ్య 430 అడుగుల పైచిలుకు. అంటే ఐదెకరాలకు కాస్త తక్కువ. ఒక్కో తోరణం దాదాపు 30 అడుగుల ఎత్తు. పైన హంసలు, మకరాలు, కిందికి వేలాడే తామరమొగ్గలు. ఏనుగులు లాగాల్సిన రాళ్లను పూలదండల్లా చెక్కారు.

ఆ కాలపు ఓరుగల్లు ఎంత సందడిగా ఉండేదో తెలియాలంటే ‘క్రీడాభిరామం’ చదవాలి. ఇద్దరు మిత్రులు నగరమంతా తిరుగుతారందులో. పూటకూళ్లింట్లో రూకకు భోజనం, పొట్టేళ్ల పోట్లాట, కోడిపందేలు, ఏకవీర గుడి... ఒకటా రెండా! రాజధాని అంటే రాజు ఒక్కడే కాదని ఆ పుస్తకం చదివితే తెలుస్తుంది.

ఇల్లు పోయింది... వాకిళ్లు మిగిలాయి

1310లో మాలిక్ కాఫర్ సైన్యం వచ్చినప్పుడు ప్రతాపరుద్రుడు కప్పం ఇచ్చి కోటను కాపాడుకున్నాడు. 1323లో ఢిల్లీ నుంచి ఉలుగ్ ఖాన్ వచ్చాడు. తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్‌గా గద్దెనెక్కింది ఇతనే. ముందు ఒకసారి వచ్చి విఫలమై వెనుదిరిగినవాడు, ఈసారి కోటను పట్టాడు. బందీగా ఢిల్లీకి తీసుకెళ్తుండగా ప్రతాపరుద్రుడు నర్మద ఒడ్డున కన్నుమూశాడు. ఓరుగల్లు పేరు సుల్తాన్‌పూర్ అయింది. స్వయంభూ ఆలయం నేలమట్టమైంది.

మరి తోరణాలను ఎందుకు వదిలేశారు? వాటి మీద దేవతల బొమ్మలు లేవు కాబట్టి వదిలేశారని కోటలో పెద్దవాళ్లు చెబుతారు. దక్కన్ కోటల మీద 2014లో పుస్తకం రాసిన రిచర్డ్ ఈటన్, ఫిలిప్ వాగనర్ మరో మాట అంటారు. గుడి ఓడిన రాజుది కాబట్టి పడగొట్టారు, ఆ చోటే మసీదు కట్టారు, దానికి నాలుగు వైపులా హద్దుగా తోరణాలను మాత్రం ఉంచుకున్నారని. నాకు ఈ మాటే నచ్చింది. ఊరి నడిమి ఇదేనని నలుగురికీ తెలియాలి కదా! రాజును దించొచ్చు. ఊరికి ఇరుసు లాంటి చోటును దించడం ఎవరి తరం?

ఆ తర్వాత వచ్చినవాళ్ల కథా అంతే. 1336 ప్రాంతంలో ముసునూరి కాపయనాయకుడు ఓరుగల్లును తిరిగి గెలిచాడు. ఆపై రేచర్ల నాయకులు, బహమనీలు. సీతాపతి అనే షితాబ్ ఖాన్ కోటను చేజిక్కించుకుని, తొలగించిన దేవతామూర్తులను మళ్లీ ప్రతిష్ఠించినట్టు 1504లో శాసనం వేయించాడు. చివరికి కుతుబ్‌షాహీలు. ఎవరొచ్చినా ఈ చోటికే వచ్చారు. ఎవరూ తోరణం జోలికి పోలేదు.

ఇంకో విశేషం వినండి. 1591లో కుతుబ్‌షాహీలు హైదరాబాద్ కట్టినప్పుడు చార్మినార్‌కు దగ్గర్లోనే ఓ పెద్ద బయలు వదిలారు. నడుమ గుల్జార్ హౌజ్. నాలుగు దిక్కులా నాలుగు కమాన్లు. చార్ కమాన్ అంటే అదే. ఈ నమూనాకు ఓరుగల్లు నాలుగు తోరణాలే ప్రేరణ అని ఆ ఇద్దరు చరిత్రకారుల వాదన. అది నిజమైతే, పాతబస్తీలో గాజులు కొనుక్కునే ప్రతి ఆడబిడ్డా ఓరుగల్లు నీడలోంచి నడిచి వెళ్తున్నట్టే!

బొమ్మకు గొడవ... చోటుకు?

2024లో రాష్ట్ర చిహ్నాన్ని మారుస్తారని, కాకతీయ తోరణం, చార్మినార్ తీసేస్తారని వార్త వచ్చింది. ఊరూరా నిరసనలు. కొత్త చిహ్నం విడుదల వాయిదా పడింది. తోరణం బొమ్మ కోసం ఇంతమంది కదిలినందుకు వరంగల్ వాడిగా సంతోషించాను. ఇంకోవైపు, వేయిస్తంభాల గుడి, కోట తోరణాలు, రామప్ప మూడూ కలిసి యునెస్కో గుర్తింపు కోసం ప్రయత్నించగా, 2021లో రామప్ప ఒక్కటే ఆ జాబితాకెక్కింది. రామప్పకు వెళ్లే బస్సులు పెరిగాయి. కోటకు వచ్చేవాళ్లు మాత్రం ఒక తోరణం ముందు ఫొటో దిగి, మిగతా మూడూ చూడకుండానే వెళ్లిపోతుంటారు.

కోట అంటే రాళ్లే కాదు. లోపల ఊరుంది. ఇళ్లున్నాయి, పొలాలున్నాయి. మా మేనమామ ఇల్లు తోరణాలకు కూతవేటు దూరం. కొడుక్కి పెళ్లయింది. ఇంకో గది వేద్దామంటే కుదరదు. 2010లో సవరించిన చట్టం ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్లలోపు కొత్త నిర్మాణం నిషేధం. ఆపైన మరో 200 మీటర్లు అనుమతి తప్పనిసరి. ఉన్న ఇల్లు బాగుచేసుకోవాలన్నా కాగితాలు కావాలి.

‘‘తోరణం మాది అంటే ఛాతీ ఉప్పొంగుతది బిడ్డా. గది లేదంటే కోడలి ముందు తల వంగుతది’’ అన్నాడు మామ. రెండూ ఒకే గొంతుతో, ఒకే ఊపిరిలో.

చట్టం వద్దని నేననను. అదే లేకపోతే ఈపాటికి తోరణాల మధ్య అపార్ట్‌మెంట్లు లేచేవి. కానీ ఎనిమిది శతాబ్దాలు ఈ చోటు బతికింది కాపలా వల్ల మాత్రమే కాదు, చుట్టూ మనుషులున్నందువల్ల కూడా. పొద్దున బడికి పోయే పిల్లలు, మేకలు తోలుకెళ్లే ముసలాయన, కూరగాయల బండి... వీళ్లే లేకపోతే అది ఊరి నడిమి ఎందుకవుతుంది? మ్యూజియం అవుతుంది. పెరిగిన కుటుంబాలకు కోట బయట, చేరువలోనే నాలుగు గజాల జాగా చూపిస్తే రాయీ నిలుస్తుంది, మనిషీ నిలుస్తాడు. ఏ తోరణం ఎటువైపుదో, నడుమ ఏముండేదో పిల్లలకు అర్థమయ్యే తెలుగులో చెప్పే ఏర్పాటు చేస్తే ఇంకా మంచిది.

మన ఇళ్లలో గుమ్మానికి తోరణం కట్టామంటే లోపల ఏదో శుభకార్యం ఉన్నట్టు. తోరణం కోసం ఎవరూ తోరణం కట్టరు. ఈసారి ఓరుగల్లు కోటకు వెళ్తే తోరణం ముందే ఆగిపోకండి. లోపలికి నడవండి. పడి ఉన్న స్తంభాల నడుమ నిలబడి నాలుగు దిక్కులా ఒక్కసారి తిరిగి చూడండి. ఒకనాటి రాజధాని మొత్తం ఏ చోటువైపు తిరిగి ఉండేదో, ఆ చోట మీరు నిలబడి ఉంటారు.