తిరగలి రాళ్ల మధ్య ఇనుము

పిల్లలూ, మీ అమ్మమ్మగారి ఊళ్లో తిరగలి చూశారా? కింద ఒక రాయి, పైన ఒక రాయి, నడుమ పెసరగింజ. నాకు ఎంతో ఇష్టమైన ఫెర్రోసీన్ అనే పదార్థం కూడా అలాంటిదే. కింద అయిదు కర్బన పరమాణువుల వలయం, పైన అలాంటిదే మరొకటి, నడుమ ఒక ఇనుప పరమాణువు. వాయురూపంలో ఉన్నప్పుడు ఈ వలయాలు తిరగలి రాళ్లలాగే తేలికగా తిరుగుతాయి. కాని ఇక్కడ గింజ నలగదు. వలయాలు రెండింటినీ పట్టి ఉంచేది ఆ ఇనుమే!

దీన్ని తయారు చేసే పద్ధతి వినండి. సైక్లోపెంటాడయీన్ అనే ద్రవంలో అయిదేసి కర్బనాల వలయాలుంటాయి. పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపితే అది ఒక్కొక్క వలయం నుంచి ఒక ఉదజనిని లాగేస్తుంది. అప్పుడు వలయానికి ఋణవిద్యుత్తు వస్తుంది. గాలి తగలకుండా దానికి ఫెర్రస్ క్లోరైడ్ చేరిస్తే, ధనవిద్యుత్తు గల ఇనుము రెండేసి వలయాలను దగ్గరకు తీసుకుంటుంది. నారింజరంగు స్ఫటికాలు వస్తాయి. మెల్లగా వేడిచేస్తే అవి కర్పూరంలా ఆవిరై, చల్లని గాజుమీద మళ్లీ స్ఫటికాలవుతాయి. ఇది ప్రయోగశాలలో పెద్దలు చేసే పని, ఇంట్లో చేయరాదు.

1951లో అమెరికాలోని డుకేన్ విశ్వవిద్యాలయంలో పౌసన్, కీలీ అనేవారు రెండు వలయాలను సూటిగా ఒకదానికొకటి అతికించి, ఫుల్వలీన్ అనే పదార్థం చేయాలనుకున్నారు. అందుకు ఫెర్రిక్ క్లోరైడ్ వాడారు. కోరింది రాలేదు, ఇనుముతో కూడిన నారింజరంగు పొడి వచ్చింది. వారు దాన్ని పారబోయలేదు. పరీక్షించి, చూసింది చూసినట్లు ప్రకటించారు. దాని ఆకారాన్ని వారు సరిగా ఊహించలేకపోయినా, 1952లో హార్వర్డ్‌లో విల్కిన్సన్, వుడ్‌వర్డ్, మ్యూనిక్‌లో ఫిషర్ ఆ చిక్కు విప్పారు. ఫిషర్, విల్కిన్సన్‌లకు 1973లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈలోగా క్రోమియంతో, యురేనియంతో కూడా ఇలాంటి పదార్థాలు తయారయ్యాయి.

నేను ఎన్నో ఏళ్లు రసాయనశాస్త్రం బోధించాను. పరీక్షనాళికలో ఒక రంగు కనిపిస్తే, పుస్తకంలోని రంగును రాసే పిల్లలను చూశాను. "కనిపించింది రాస్తే మార్కులు పోతాయి మాస్టారూ" అనేవారు. ఆ మాట నాకు బాధ కలిగించేది. తప్పు పిల్లలది కాదు. వాళ్లకు ఆ భయం నేర్పింది మనమే. అందుకే తల్లిదండ్రులకు నా మనవి: ప్రయోగం చేసి వచ్చిన పిల్లవాణ్ణి, "సరిగా వచ్చిందా?" అని కాక, "ఏం చూశావు నాయనా?" అని అడగండి.